నాలుగు వారాల్లో ఎనిమిది సెంటీమీటర్లు

ఇది రాయాలని మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచిపోయాను. ఇప్పుడు పాపకు పదో నెల నడుస్తోంది. గోడ పట్టుకుని నిలబడుతోంది. ఇక రాయగలనులే అనుకుని మళ్ళీ కూర్చున్నాను. జరిగినదాన్ని తేదీల వరసలో పెట్టుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు, అదొక కారణం. నాలాంటి భర్త మరొకడు ఎక్కడో నోటుబుక్కు ముందేసుకుని, డాక్టరు కంటే తనకే ఎక్కువ తెలుసనుకుంటూ ఉంటాడన్న అనుమానం రెండో కారణం.

నా పేరు యాదగిరి. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. పదో తరగతి దాటలేదు. రెజిమెంటల్ బజార్ వెనక ఒక టింబర్ డిపోలో దుంగలు కొలుస్తాను. దుంగ నడుముకు టేపు చుట్టి, వచ్చినదాంట్లో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్ళీ హెచ్చవేస్తే అందులో కర్ర ఎంతుందో తేలుతుంది. కాగితం లేకుండా చేస్తాను. ఎవరూ నేర్పలేదు. ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో కూడా చెప్పగలను. డిపోలో అందరూ నన్ను ‘లెక్కలాయన’ అంటారు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నా భార్య సరళకు అప్పుడు ముప్పై ఏడు. అంతకుముందు రెండుసార్లు నాలుగో నెల రాకముందే కడుపు పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. మా అమ్మ అయితే ఆ మాటే ఎత్తనిచ్చేది కాదు.

చిలకలగూడలో మా ఇంటికి రెండు సందుల అవతల డాక్టర్ ఎస్తేరు గారి దవాఖాన. రెండు బెంచీలు, ఒక పచ్చ తెర, తెర వెనక ఎత్తయిన బల్ల. ఆవిడది గుంటూరు వైపు. ముప్పై ఏళ్ళ క్రితం ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా నాన్న షుగరూ, అమ్మ మోకాళ్ళూ, నా కామెర్లూ అన్నీ ఆవిడ చూసినవే. కాన్పులు చేయడం మానేసి చాలా కాలమైంది. అయినా మా వైపు గర్భిణులు పెద్దాసుపత్రిలో పేరు రాయించుకుని, మధ్యమధ్య చూపించుకోవడానికి ఈవిడ దగ్గరికే వస్తారు.

జనవరి 22, మంగళవారం

ముందు మా ఇంటి తద్దినం సంగతి చెప్పాలి. మా నాన్న పోయిన తిథి భాద్రపద బహుళ విదియ. ఆ ఏడాది భాద్రపదం రెండుసార్లు వచ్చింది. మూడేళ్ళకోసారి పంచాంగంలో ఒక నెల అదనంగా చేరుతుంది గదా, ముందు ఆ అధికమాసం, తరువాత అసలు మాసం. మా పురోహితుడు రెండింటిలోనూ తద్దినం పెట్టమన్నాడు. పెట్టాం. సెప్టెంబరు రెండున ఒకటి, అక్టోబరు రెండున ఒకటి. రెండుసార్లూ సరళ వంటింట్లోకి రాలేదు. మా అక్క వచ్చి వండింది.

డిసెంబరులో డాక్టరమ్మ మొదటిసారి కార్డు రాస్తూ, ఆఖరుసారి నెలసరి ఎప్పుడు వచ్చిందని అడిగారు. సరళకు ఎప్పుడూ సరైన లెక్క ఉండేది కాదు. నెలలు అటూ ఇటూ అవుతుండేవి. పక్కనున్న అమ్మ, “మీ మామ తద్దినం నాడు బయటుంటివి గదనే, పెద్దపిల్ల వచ్చి వండింది” అని గుర్తుచేసింది. నేను వెంటనే అందుకుని, “సెప్టెంబరు రెండు, ఆదివారం” అన్నాను. ఆవిడ అదే రాశారు.

ఆ లెక్కన జనవరి ఇరవై రెండుకు ఇరవై వారాల రెండు రోజులు. బేగంపేటలో స్కానింగ్‌కు వెళ్ళాం. లోపల ఉన్న మేడమ్ బిడ్డ తల కొలిచింది, తొడ ఎముక కొలిచింది, మళ్ళీ కొలిచింది.

“మీ డేట్స్ కరెక్టేనా?”

“పక్కా మేడమ్. నా లెక్క తప్పదు.”

ఆవిడ, “అయితే బేబీ నాలుగు వారాలు వెనక ఉంది. గ్రోత్ సరిగా లేదు. మీ డాక్టర్‌తో మాట్లాడండి” అంది.

ఆటోలో సరళ నా చెయ్యి పట్టుకుంది. పోయిన రెండూ నాలుగో నెల లోపలే పోయాయి. ఇది నాలుగో నెల దగ్గరే ఆగిపోయిందని నాకు అర్థమైంది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి గాభరా పడలేదు. నా వైపు తిరిగారు.

“ఈ తేదీ ఎవరు చెప్పారు?”

“నేనే డాక్టరమ్మా. నాయిన తద్దినం నాడు.”

“మీ అమ్మని పిలిపించు.”

అమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. “పెద్దమ్మా, ఈ పిల్ల బయటున్నది ఏ తద్దినానికి? మీరు రెండు పెట్టారుగా?” అని అడిగారు డాక్టరమ్మ. మేము రెండు పెట్టిన సంగతి ఆవిడకు ఎలా తెలుసో నాకు తెలియదు. ఆ బెంచీల మీద అందరూ అన్నీ చెప్పుకుంటారు.

“రెండోదానికేనమ్మా.”

“మరి మొదటిదానికి వండలేదేం?”

“అప్పుడు పిల్లకు జెరం వచ్చింది. మీరే గద సూది ఇచ్చిన్రు!”

డాక్టరమ్మ తన పాత పుస్తకం తిరగేశారు. సెప్టెంబరు ఒకటిన సరళ పేరు, జ్వరం. కార్డు మీద సెప్టెంబరు రెండును ఎర్ర పెన్నుతో కొట్టేసి అక్టోబరు రెండు అని రాశారు.

“బిడ్డ బానే ఉందమ్మా. మీ ఆయన లెక్కే నెల రోజులు ముందు పుట్టింది” అని నవ్వి, మళ్ళీ గంభీరమయ్యారు. “డిసెంబర్లోనే కడుపు చిన్నగా ఉందనిపించింది నాకు. స్కాన్‌లో తేలుతుందిలే అని ఊరుకున్నా. నేనూ అడగాల్సింది.”

ఇంటికొచ్చాక అమ్మ మా అక్కకు ఫోన్ చేసి, “నీ తమ్ముడు అధికమాసం లెక్క మర్చిపోయిండు, ఊరందరికి వారాలు చెప్తడు!” అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. నా లెక్క తప్పడం అదే మొదటిసారి.

ఫిబ్రవరి, మార్చి

ఫిబ్రవరి పంతొమ్మిదికి సరైన లెక్కన ఇరవై వారాలు. మళ్ళీ స్కాన్ చేశారు. గుండె, వెన్ను, కిడ్నీలు అన్నీ బాగున్నాయన్నారు. అప్పటి నుంచి రెండు వారాలకోసారి మంగళవారం సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఆవిడ సరళను బల్ల మీద పడుకోబెట్టి, పొత్తికడుపు ఎముక దగ్గర టేపు ఒక కొస పెట్టి, చేత్తో తడుముకుంటూ పైకి పోయి, గర్భసంచి పైఅంచు ఎక్కడ తగిలితే అక్కడ కొలిచేవారు. ఇరవై వారాలు దాటాక ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉండాలట. ఒకటి రెండు అటూ ఇటైనా ఫర్వాలేదట. నాకు ఆ సంగతి ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంత చక్కటి లెక్క మనిషి ఒంట్లో ఉంటుందని నాకు తెలియదు. ఒక నోటుబుక్కు కొన్నాను. ఇరవైకి ఇరవై. ఇరవై రెండుకు ఇరవై రెండు. మార్చి పంతొమ్మిదిన ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు.

“నీకు కడుపు కూడా దుంగలాగే కనపడుతున్నట్టుందే” అన్నారు డాక్టరమ్మ.

ఏప్రిల్ 2

ఇరవై ఆరు వారాలు. టేపు ఇరవై ఎనిమిది చూపించింది.

డాక్టరమ్మ రెండోసారి కొలిచారు. మళ్ళీ అంతే వచ్చింది. “వచ్చే మంగళవారమే రండి. రెండు వారాలు ఆగొద్దు. అప్పుడూ ముందే ఉంటే స్కాన్ చేయిద్దాం.”

“ఎందుకు డాక్టరమ్మా?”

“నీరు ఎక్కువైతే పెరుగుతుంది. ఏం లేకపోవచ్చు. చూడాలి.”

ఆ ‘చూడాలి’ నా చెవిలోంచి పోలేదు. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. ఇరవై ఎనిమిది ఎలా వచ్చిందని ఎంతసేపు చూశానో. అప్పుడు తోచింది. సెప్టెంబరు రెండు నుంచి లెక్కపెడితే ఇవాళ్టికి ముప్పై వారాలు. అంటే ఇరవై ఎనిమిది ఎక్కువ కాదు, రెండు తక్కువ. అక్టోబరు లెక్కన రెండు ఎక్కువ. అసలు తద్దినం మొదటిదేనేమో! అమ్మకు డెబ్బై రెండేళ్ళు. ఆమె మాట పట్టుకుని డాక్టరమ్మ తేదీ మార్చేశారు. జ్వరమూ అప్పుడే వచ్చి, నెలసరీ అప్పుడే వచ్చి ఉండకూడదా?

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ పూట నాకు కలిగింది సంతోషం. తప్పు తేదీదైతే బిడ్డలో తప్పు లేనట్టే. నాకు ఆ ముక్క చాలు.

ఏప్రిల్ 9

ఆ రోజు నేనే ఇంట్లో డిపో టేపుతో కొలిచాను. డాక్టరమ్మ ఎలా కొలుస్తారో అలాగే. ముప్పై.

“పోదామా?” అంది సరళ, చీర సర్దుకుంటూ. దానికి అప్పటికే నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. కడుపు మీద చర్మం డప్పులా బిగుసుకుంది.

“ఈ వారం అవసరం లేదు. నేను కొలిచిన. లెక్క సరిపోతున్నది.”

“డాక్టరమ్మ రమ్మన్నది గద?”

“ఆమె తప్పు తేదీ పట్టుకున్నది. మనం ఎనిమిదో నెలలున్నం.”

సరళ నా ముఖం వైపు చూసింది. దానికీ నమ్మాలని ఉంది. “నిజమేనా? మీకు పక్కా తెలుసా?” అంది.

“పక్కా” అన్నాను.

ఎనిమిదో నెల అనేసరికి అమ్మ జనగామకు ఫోన్ చేసింది. మా అత్తగారు, “అయితే ఇరవై ఒకటి ఆదివారం వచ్చి పిల్లను తీసుకపోతం, కాన్పు ఇక్కడనే” అన్నారు. అక్కడ వాళ్ళ వీధి చివర ఒక నర్సింగ్ హోమ్ ఉంది. ఒక మంచి డాక్టరు, ఒక నర్సు.

ఏప్రిల్ 16, మంగళవారం

ఉదయం కొలిచాను. ముప్పై రెండు. నా మొదటి లెక్కన ముప్పై రెండు వారాల రెండు రోజులు. ఇంత సరిగ్గా కుదిరిన లెక్క నేను డిపోలో కూడా చూడలేదు. సరళ మాత్రం ఆ రోజు వెల్లకిలా పడుకోలేకపోయింది. దిండ్లు మూడు వెనకపెట్టుకుని కూర్చునే ఉంది.

సాయంత్రం మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. తలుపు తీస్తే డాక్టరమ్మ. అరవై దాటిన మనిషి, ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ఒగరుస్తున్నారు. మా ఇంటికి ఆవిడ రావడం నాన్న పోయిన రోజు తరువాత అదే.

“పోయిన మంగళవారం రాలేదు. ఇవాళా ఏడు దాటింది. ఏవయ్యా, నీ భార్య ఎక్కడ?”

సరళను చూశారు. టేపు తీసి కొలిచారు. కాళ్ళ వాపు చూశారు. నేను నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టాను. దాదాపు గర్వంగానే పెట్టాను.

“డాక్టరమ్మా, ఏమనుకోకున్రి. తేదీ మొదటిదే కరెక్టు. చూడున్రి, వారం వారం ఎట్ల దగ్గరికొచ్చిందో. ఇయ్యాల ముప్పై రెండుకు ముప్పై రెండు.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా అంకెలు ఒక్కొక్కటీ చదివారు. తరువాత వేలు మార్చి పంతొమ్మిది మీద పెట్టారు.

“ఇక్కడ ఎంత?”

“ఇరవై నాలుగు.”

“ఇవాళ?”

“ముప్పై రెండు.”

“మధ్యలో ఎన్ని వారాలు?”

“నాలుగు.”

“నాలుగు వారాల్లో ఎంత పెరిగింది?”

“ఎనిమిది” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు తెలిసిపోయింది.

“ఎంత పెరగాలి?”

ఏ తద్దినం నుంచి మొదలుపెట్టినా, ఏ నెల నుంచి మొదలుపెట్టినా, నాలుగు వారాలకు నాలుగే పెరగాలి. మొదలు మార్చుకోవచ్చు. నడక మారదు. రోజుకు పాతిక దుంగలు కొలిచేవాడికి, రెండో తరగతి పిల్లవాడు చేసే తీసివేత కనపడలేదు. కనపడకుండా నేనే చేసుకున్నాను.

“ముందు తక్కువున్నది ఇప్పుడు సరిపోయిందంటే మంచిదనుకున్నావు” అన్నారు డాక్టరమ్మ మెల్లగా. “జనవరిలో బిడ్డ ఎముకలు కొలిచి చెప్పిన వయసు అది. మనకి భయం వేసినప్పుడల్లా మార్చుకునేది కాదు యాదగిరీ. రేపు పొద్దున్నే స్కాన్. నేను ఫోన్ చేసి చెప్తా. జనగామా లేదు, ఏం లేదు.”

సరళ గోడ వైపు తిరిగింది.

ఏప్రిల్ 17

స్కానింగ్ సెంటర్లో మా నంబరు పద్నాలుగు. కుర్చీలు పదహారు, మనుషులు ముప్పై పైన. బురఖాలో ఉన్న ఒకామె సరళను చూడగానే లేచి, “ఆపా, మీరు కూర్చోండి, నాది లేటు” అంది. ఆమెకూ ఏడో నెలలా ఉంది. తన సీసాలో నీళ్ళు కూడా ఇచ్చింది. పేరు అడగలేదు. ఈ ఏడాదిలో చాలాసార్లు గుర్తొచ్చింది.

లోపల జనవరిలో చూసిన మేడమే. ఈసారి తేదీ అడగలేదు. చీకటి గదిలో తెర మీద రెండు నల్లటి గుండ్రాలు కనపడ్డాయి, పక్కపక్కన, రెండు సబ్బు బుడగల్లాగా. ఆవిడ వాటి దగ్గరే చాలాసేపు ఆగింది. నేను గోడ మీద లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరమన్న బోర్డు చదువుతూ నిలబడ్డాను. అందులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాను. ఎన్నో ఇప్పుడు గుర్తులేదు.

కాగితం మాకిచ్చి, “మీ డాక్టర్‌గారితో ఫోన్‌లో మాట్లాడాను. నేరుగా అక్కడికే వెళ్ళండి” అంది.

డాక్టరమ్మ దవాఖాన తలుపు దగ్గరికి వేసి, మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక కాగితం మీద బొమ్మ వేశారు. “ఇది బిడ్డ పొట్ట. ఇది పేగు మొదలు. ఇక్కడ మూసుకుపోయింది. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగుతుంది. మింగింది కిందికి పోవటం లేదు. అందుకే ఆ రెండు బుడగలు, అందుకే నీరు పెరిగిపోతోంది.”

“బతుకుతదా?” అంది సరళ. అంత సూటిగా అడుగుతుందని నేను అనుకోలేదు.

“పుట్టిన రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ చేసి అతుకుతారు. చేసే సర్జన్లు ఇక్కడున్నారు. ముందే తెలియకపోతే ఏమవుతుందంటే, పాలు పడతారు, కక్కుతుంది, అందరికీ కక్కుతారులే అనుకుంటారు, నాలుగు రోజులు పోతాయి. ఆ నాలుగు రోజులే ప్రమాదం.”

జనగామ నర్సింగ్ హోమ్ నా కళ్ళ ముందు నిలబడింది.

“ఇంకోటి కూడా చెప్పాలి. ఇట్లాంటి పిల్లల్లో కొందరికి బుద్ధి ఎదుగుదల మందంగా ఉండే జబ్బు కలిసి వస్తుంది. సూదితో నీరు తీసి పరీక్ష చేస్తే తెలుస్తుంది. చేయించుకోమని నేననను, వద్దనను.”

నేను చేయిద్దామనే అనబోయాను. తెలియని అంకె ఏదైనా నాకు భరించలేనిది. సరళ నా కంటే ముందే అంది: “తెలిసి ఏం చేస్తం డాక్టరమ్మా? ఎట్లున్నా నాదే గద. సూది వద్దు.”

వస్తూ వస్తూ మెట్ల దగ్గర నాతో అంది: “మీరు పక్కా అన్నరు.”

మే

ఆ తరువాత ఇరవై రోజులు సరళ నాతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే, “అత్తమ్మా, లెక్కలాయనకు చెప్పున్రి, మందులైపోయినయని” అనేది, నేను అక్కడే నిలబడి ఉండగా. అమ్మ ఇటు చూసి అటు చూసి, “ఏంరా, ఇన్నవా?” అనేది.

అమ్మకు తన పరేషాన్ తనకుంది. అధికమాసంలో తద్దినం పెట్టడమే తప్పైందేమో, పెద్దలకు కోపం వచ్చిందేమోనని పురోహితుణ్ణి అడగడానికి పోయింది. నేను ఆపలేదు. ఆమె భయానికి ఆమె వెతుక్కున్న కారణం అది. నేను వెతుక్కున్నదాని కంటే నయం. దాని వల్ల ఎవరికీ వారం పోలేదు.

ఎండలు ముదిరాయి. సరళ కూర్చునే నిద్రపోయేది. కొలత ముప్పై ఎనిమిది దాటింది. నీరు మరీ ఎక్కువైతే నొప్పులు ముందే రావచ్చని చెప్పారు. రోజూ ఆ రోజు గడిస్తే చాలనుకునేవాణ్ణి. బిడ్డ కదలికలు పొద్దున పది, సాయంత్రం పది రావాలి. సరళ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకునేది. ఒక సాయంత్రం ఏడు దగ్గర ఆగింది. గంట గడిచింది. దాని చూపుడువేలు అలాగే గాలిలో ఉంది. అప్పుడు నా చెయ్యి లాగి తన కడుపు మీద పెట్టుకుంది. కదిలింది. “ఎనిమిది” అంది సరళ. ఇరవై రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట అది.

డాక్టరమ్మ పిల్లల సర్జన్‌తో స్వయంగా మాట్లాడారు. కాన్పూ ఆపరేషనూ ఒకే చోట జరిగే ఆసుపత్రికి కార్డు మార్పించారు. ఒక ఉత్తరం రాసి మూడు కాపీలు తీయించారు. ఒకటి సరళ సంచిలో, ఒకటి నా జేబులో, ఒకటి అమ్మ దగ్గర. పైన పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు: ‘పుట్టగానే నోట్లో ఏమీ పోయకూడదు.’

జూన్ 11, మంగళవారం

ముప్పై ఆరు వారాలు నిండిన రోజు. పొద్దున ఆరింటికి ఉమ్మనీరు పోయింది. గది నేలంతా తడిసింది. ఆటోలో సరళ ఉత్తరాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

పదకొండు ఇరవైకి అమ్మాయి పుట్టింది. రెండు కిలోల వంద గ్రాములు. ఏడ్చింది, నేను బయట నుంచి విన్నాను. బిడ్డను బయటికి తెచ్చి ఒక్క నిమిషం చూపించారు. అప్పుడే అమ్మ తన చేతిసంచిలోంచి చిన్న తేనె సీసా తీసింది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ నాలుక మీదా మా అమ్మే తేనె రాసింది, నాతో సహా. మూత తీయబోతూ ఆగింది. అదే సంచిలో ఉత్తరం ఉంది. సీసా మళ్ళీ లోపల పెట్టేసి, ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

పదమూడున ఆపరేషన్. మేము ముగ్గురం గోడవారన బెంచీ మీద. డాక్టరమ్మ తన దవాఖాన మూసి వచ్చారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. పక్కన అమ్మ పెదాలు కదుపుతూ తన దేవుళ్ళందరినీ పిలుస్తోంది. నాకేమీ రాదు. గోడ గడియారం చూశాను. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. సర్జన్ బయటికొచ్చి, “అతికాం. ఇప్పుడు పేగు పని మొదలుపెట్టాలి. అది మన చేతుల్లో లేదు” అన్నారు.

జూన్ 14 నుంచి 22

పాప ముక్కులోంచి ఒక గొట్టం. దాంట్లోంచి పచ్చటి నీరు సంచిలోకి వచ్చేది. అది తగ్గితే పేగు తెరుచుకుంటున్నట్టు. రోజూ పొద్దున నర్సు చెప్పేది: నలభై ఆరు మిల్లీలీటర్లు. మరునాడు నలభై ఒకటి. ఆ మరునాడు నలభై నాలుగు. పెరిగింది. ఆ రోజు ముగ్గురమూ అన్నం ముట్టలేదు. తరువాత ముప్పై, పద్దెనిమిది, తొమ్మిది, నాలుగు.

నేను ఈ అంకెలు ఎక్కడా రాసుకోలేదు. అన్నీ గుర్తున్నాయి.

ఇరవై రెండున సరళ పాలు పిండి ఇచ్చింది. రెండు మిల్లీలీటర్లు గొట్టంలో పోశారు. రెండు గంటల తరువాత సిరంజితో వెనక్కి లాగి చూస్తామన్నారు. లోపల ఆగిపోతే అవే పాలు వెనక్కి వస్తాయి. ఆ రెండు గంటలు మేము అద్దం బయట నిలబడ్డాం. ఇద్దరం పక్కపక్కనే. నర్సు సిరంజి లాగింది, వెలుతురు వైపు ఎత్తి చూసింది. మా వైపు తిరిగి చెయ్యి ఊపింది. ఏమీ రాలేదు. పాలు కిందికి పోయాయి.

సరళ నా భుజం మీద తల పెట్టి, గట్టిగా, అందరూ తిరిగి చూసేలా ఏడ్చింది.

మూడు వారాల తరువాత వచ్చిన రక్తపరీక్షలో డాక్టరమ్మ చెప్పిన రెండో జబ్బు లేదని తేలింది. సరళ ఆ కాగితం చదవలేదు. మడిచి బీరువాలో పెట్టింది.

చదివేవాళ్ళకు చెప్పదలచుకున్నది కొంచెమే. పెద్ద యంత్రాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి. అక్కడికి ఏ రోజు పోవాలో చెప్పే మనిషి మీ సందు చివర ఉంటుంది. పోయిన నెల మీ కడుపు ఎలా ఉందో ఆ చేతులకు గుర్తుంటుంది. ఆవిడ వచ్చే వారం రమ్మంటే వచ్చే వారమే వెళ్ళండి. భయపెట్టే కొలతకు ఇంట్లో కూర్చుని కారణం వెతక్కండి. కారణం తప్పకుండా దొరుకుతుంది, ఎంత తప్పుడుదైనా సరే సరిగ్గా అతుకుతుంది. నేను పోగొట్టిన వారం వల్ల పాపకేమీ కాలేదు. ‘అదృష్టం’ అంటారు డాక్టరమ్మ. అంతకు మించి ఆవిడ ఆ మాట ఎత్తరు.

నిన్న సాయంత్రం పాపను ఎత్తుకుని వరండాలో తిరుగుతుంటే నా భుజం మీద కాస్త కక్కింది. పిల్లలు కక్కుతారు. నాకు తెలుసు. అయినా పచ్చగా లేదు గదా అని చొక్కా లాగి రంగు చూశాను. రోజూ చూస్తాను. నన్ను చూసి సరళ రోజూ ఎగతాళి చేస్తుంది. నిన్న వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారి ఆగింది.

“తెల్లగనే ఉన్నదా?” అంది లోపలి నుంచి.

“తెల్లగనే ఉన్నది” అన్నాను.

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.